నెల సరుకుల చీటీ నుంచే మొదలు: మన ఇళ్లలో రోజూ తినే తిండి

తెలుగు నేల విడిచి తరాలు గడిచినా మన ఇళ్లలో మారనిది ఒకటుంది. కంచం నిండా తెల్లన్నం, ఓ పక్కన ఆవకాయ. మన మాటలో కన్నడం కలిసింది, తమిళం కలిసింది, ఒడియా, మరాఠీ కలిశాయి. చాలా ఇళ్లలో పిల్లలకు తెలుగు రాయడం రాదు. ఊరగాయ జాడీ మాత్రం ఏటా వేసవిలో నిండుతూనే ఉంది. అందుకే డాక్టరు ‘అన్నం తగ్గించండి, పచ్చళ్లు మానండి’ అన్నప్పుడు మన పెద్దవాళ్లకు అది వైద్యం మాటలా వినిపించదు. మిగిలిన ఒక్క ఆనవాలూ తీసేయమన్నట్టు వినిపిస్తుంది. వారం రోజులు పాటిస్తారు, ఎనిమిదో రోజు జాడీ మూత తెరుస్తారు.

జాడీ మూత వేసేయాలని ఈ వ్యాసం చెప్పదు. ఎంత తినాలో, ఎక్కడ తగ్గించాలో, తగ్గించినచోట ఏం పెట్టాలో చెబుతుంది. ఇందులో చాలావరకు మనం స్థిరపడిన ఊళ్లలో పక్కింటివాళ్లు ఇప్పటికే వండుకుంటున్నదే.

విషయం తేలికైనది కాదు. 2023లో వెలువడిన ఐసీఎంఆర్–ఇండియాబ్ సర్వే ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది. పెద్దవాళ్లలో వందకు 35 మందికి పైగా రక్తపోటు ఉంది. మధుమేహం బాగా ఎక్కువగా కనిపించిన ప్రాంతాల్లో పుదుచ్చేరి ఒకటి, అక్కడ 26.3 శాతం. యానాం ఆ పాలనలోదే కాబట్టి అక్కడి పాఠకులు ఈ అంకెను కాస్త దగ్గరగా చూసుకోవాలి.

చీటీ లెక్క

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మే నెలలో భారతీయుల ఆహారంపై కొత్త మార్గదర్శకాలు ఇచ్చింది. మొత్తం 17 సూచనలు. రోజుకు 2,000 కిలోకేలరీలు సరిపోయే మనిషికి అందులో ఇచ్చిన కొలతలు సుమారుగా ఇవి: ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు 85 గ్రాములు, ఆకుకూరలతో కలిపి కూరగాయలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు, పల్లీలు నువ్వుల వంటి గింజలు 35 గ్రాముల లోపు, నూనె నెయ్యి కలిపి 27 గ్రాములు. ఇవన్నీ వండక ముందు బరువులు.

గ్రాముల్లో చెబితే ఎవరికీ గుర్తుండదు. కంచం ముందు తక్కెడ పెట్టుకుని కూర్చునే ఇల్లూ లేదు. నెల సరుకుల చీటీలోకి మారిస్తే మాత్రం లెక్క స్పష్టంగా కనిపిస్తుంది.

నలుగురున్న ఇల్లు అనుకుందాం. రోజుకు కిలో ధాన్యం, అంటే నెలకు 30 కిలోలు. ఇందులో బియ్యం ఒక్కటే కాదు, ఇడ్లీ దోసెల బియ్యం, ఉప్మా రవ్వ, గోధుమపిండి, అటుకులు, సేమ్యా అన్నీ వస్తాయి. 25 కిలోల బస్తా మీ నలుగురికి నెలాఖరు దాకా వస్తే, టిఫిన్ సరుకులతో కలిపి లెక్క సరిపోయినట్టే. అదే బస్తా 20వ తేదీకే అయిపోతుంటే మనిషికి రోజుకు 310 గ్రాములకు పైగా బియ్యమే పోతోంది, టిఫిన్ దానికి అదనం. అయితే షోలాపూర్, భివండీలలో మరమగ్గాల దగ్గర షిఫ్టంతా నిలబడేవారికి, పొలం పని చేసేవారికి ఈ కొలత చాలదు. వాళ్లకు ఎక్కువే కావాలి. కుర్చీలో కూర్చుని పనిచేసే కొడుకు పొలం పని చేసిన తాత కొలతలో తినడం దగ్గరే చిక్కు వస్తోంది.

ఇక పప్పులు. అదే ఇంటికి నెలకు 10 కిలోలు. కంది, పెసర, మినప, శనగ, ఇడ్లీ పిండిలోకి పోసిన మినపప్పు కూడా కలుపుకుని. మన చీటీల్లో ఇది సాధారణంగా సగానికి కూడా రాదు. చేపలు, గుడ్లు, మాంసం తినే ఇళ్లలో కొంత అటు సర్దుకుంటుంది, శాకాహారుల ఇళ్లలో సర్దుకోదు. కూరగాయలు నలుగురికి రోజుకు కిలోన్నర పైమాటే. ఈ లెక్క మొదటిసారి విన్నవాళ్లు నమ్మరు. అర కిలో వంకాయలు రెండు పూటలకు సరిపెట్టే ఇళ్లు మనవి.

ధాన్యాల నుంచి వచ్చే శక్తి మొత్తంలో 45 శాతం దాటకూడదని ఆ మార్గదర్శకాలు చెబుతున్నాయి. మనం చేయాల్సిన పని దీన్నిబట్టే తెలుస్తుంది. అన్నం మానడం కాదు, అన్నం ముద్ద చిన్నదై కూర, పప్పు పెద్దవి కావాలి. ముందు కూర, పప్పు వడ్డించుకుని ఆ తర్వాత అన్నం పెట్టుకుంటే చాలామందికి దానంతట అదే తగ్గుతుంది.

కూనూరు చెప్పిన బియ్యం కథ

పైన చెప్పిన పోషకాహార సంస్థ పుట్టింది హైదరాబాద్‌లో కాదు, తమిళనాడులోని కూనూరులో. 1918లో రాబర్ట్ మెకారిసన్ అనే వైద్యుడు అక్కడి పాశ్చర్ సంస్థలో ఒక్క గదిలో బెరిబెరి వ్యాధిపై పరిశోధన మొదలుపెట్టారు. అదే పెరిగి పెద్దదై 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చింది.

బెరిబెరి కథలో మన పాత్ర పెద్దది. అప్పటి మద్రాసు రాజధానిలో ఆ జబ్బుకు పేరుపడ్డవి ఉత్తర సర్కారు జిల్లాలు, అంటే గంజాం నుంచి కిందికి ఉన్న తెలుగు తీరం. అక్కడ తినేది మరలో తెల్లగా పట్టించిన పచ్చిబియ్యం. తవుడుతో పాటు బీ1 విటమిను పోయేది. దక్షిణాన తమిళ జిల్లాల్లో వాడకం ఉప్పుడు బియ్యానిది. వడ్లను నానబెట్టి, ఆవిరి పట్టి, ఎండబెట్టి దంచుతారు కాబట్టి తవుడులోని బీ విటమిన్లు గింజలోకి ఇంకుతాయి, తర్వాత పాలిష్ పట్టినా కొంత నిలుస్తాయి. అక్కడ ఆ జబ్బు అరుదు.

ఇప్పుడు బెరిబెరి భయం లేదు. ఆ బియ్యం మీద చిన్నచూపు మాత్రం మన ఇళ్లలో ఇంకా ఉంది. తమిళనాడులో తరాలుగా ఉంటున్న తెలుగిళ్లలో కూడా ‘పుళుంగల్ అరిసి’ ఇడ్లీకే తప్ప అన్నానికి పనికిరాదనే మాట వినిపిస్తుంది. వాసన, రంగు నచ్చవంటారు. పచ్చిబియ్యం అన్నంతో పోలిస్తే ఉప్పుడు బియ్యం అన్నం తిన్నాక రక్తంలో చక్కెర సాధారణంగా కాస్త నెమ్మదిగా పెరుగుతుంది. వారంలో మూడు రోజులు సాంబారుతో అలవాటు చేసుకోవచ్చు. ఆవకాయన్నానికి పచ్చిబియ్యమే కావాలంటే ఆదివారం దానికి ఉంచుకోండి.

గంజి వార్చి పారబోసే ఇళ్లు ఇంకా ఉన్నాయి. నీటిలో కరిగే బీ విటమిన్లు దానితోనే పోతాయి. ఒడిశాలో పఖాళ నీటిని ‘తొరాణి’ అని ఇష్టంగా తాగుతారు. మన చద్దన్నం అలవాటూ అదే కుటుంబంలోది. రాత్రి అన్నంలో నీళ్లు పోసి పొద్దున మజ్జిగ, ఉల్లిపాయతో తినడం పేదరికం గుర్తని మనవాళ్లు వదిలేశారు. ఒడియావాళ్లు మార్చి 20న దానికి ఏకంగా ఒక పండుగ రోజే పెట్టుకున్నారు.

రేషన్ గురించి ఒక మాట. ఇటీవలి ఏళ్లలో రేషన్ బియ్యంలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బీ12 చేర్చిన గింజలు వందకు ఒకటి చొప్పున కలిపి ఇచ్చారు. అవి రంగులో, తేలికలో కాస్త తేడాగా ఉండటంతో ప్లాస్టిక్ బియ్యమని ఏరి పారేసినవాళ్లున్నారు. అవి ప్లాస్టిక్ కాదు, బియ్యప్పిండితో చేసినవే. తలసీమియా ఉన్నవారు మాత్రం ఇనుము చేర్చిన ఆహారం గురించి డాక్టరును అడిగి తినాలి.

పక్కింటి ధాన్యం

బియ్యం తగ్గించినచోట ఏం పెట్టాలి? పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం 100 గ్రాముల పాలిష్ బియ్యంలో పీచు 3 గ్రాముల లోపు, కాల్షియం 7 మిల్లీగ్రాములకు కాస్త ఎక్కువ. అంతే బరువు రాగుల్లో పీచు 11 గ్రాములు, కాల్షియం 364 మిల్లీగ్రాములు. జొన్నల్లో పీచు 10, ప్రొటీన్ దాదాపు 10 గ్రాములు. సజ్జల్లో ప్రొటీన్ 11 గ్రాములు, ఇనుము 6 మిల్లీగ్రాముల పైన.

కోలారు, పావగడ వైపు తెలుగిళ్లకు రాగి కొత్త కాదు. రాయలసీమ సంగటి, కన్నడ ముద్దె, హోసూరు వైపు కళి ఒకటే వంటకానికి మూడు పేర్లు. బళ్లారి, రాయచూరుల్లో జొన్నరొట్టె, షోలాపూర్‌లో భాకరీ కూడా అంతే. షోలాపూర్ జిల్లాలోనే ఉన్న మంగళవేఢా జొన్నలకు భౌగోళిక గుర్తింపు ఉంది. రొట్టె తట్టడం రాదని వెనకాడేవాళ్లు మొదట పిండిని సలసల మరిగే నీళ్లతో కలిపి చూడండి. జొన్నపిండిలో గ్లూటెన్ ఉండదు, వేడినీళ్లతోనే ముద్ద కడుతుంది. ఇక రాగిముద్దను నమలకుండా పులుసులో ముంచి మింగాలి. ఈ వ్యాసం రాసే మనిషికి ఆ విద్య పట్టుబడటానికి నెల పట్టింది.

కొనేటప్పుడు పేర్ల తికమక ఒకటుంది. గంజాం, కొరాపుట్, రాయగడ వైపు మనవాళ్లు రాగులను ‘చోళ్లు’ అంటారు. తమిళనాడులో ‘చోళం’ అంటే జొన్నలు, కర్ణాటకలో ‘జోళ’ అన్నా జొన్నలే. బరంపురం నుంచి చెన్నై వెళ్లిన కోడలు అంగట్లో చోళ్లు అడిగితే సంచిలో జొన్నలు వస్తాయి. రాగులు కావాలంటే తమిళంలో కేళ్వరగు, ఒడియాలో మాండియా, మరాఠీలో నాచణీ అని అడగాలి. సజ్జలు తమిళంలో కంబు, మరాఠీలో బాజ్రీ. కొర్రలు తమిళంలో తినై, కన్నడంలో నవణె, మరాఠీలో రాళా.

ప్రభుత్వ సరఫరా కూడా కొంత ఉంది. కర్ణాటకలో దక్షిణ జిల్లాల రేషన్‌లో రాగులు, ఉత్తరాన జొన్నలు ఇచ్చే పద్ధతి ఉంది. ఒడిశా 2017లో చిరుధాన్యాల మిషన్ మొదలుపెట్టి ఆదివాసీ జిల్లాల్లో మాండియాను మళ్లీ నిలబెట్టింది. తమిళనాడులో 2023 నుంచి నీలగిరి, ధర్మపురి జిల్లాల్లో కార్డుకు రెండు కిలోల బియ్యం బదులు రెండు కిలోల రాగులు ఇవ్వడం మొదలైంది. ఇలా వచ్చిన రాగులను దాణాకు అమ్మేసి సన్నబియ్యం కొనే ఇళ్లున్నాయి. అది మానాలి.

ఇక్కడే ఒక హెచ్చరిక. రాగి అనగానే చక్కెర వ్యాధికి మందు అనుకుని పొద్దున్నే పెద్ద గ్లాసుతో బెల్లం వేసిన జావ తాగేవాళ్లు ఎక్కువయ్యారు. మెత్తటి పిండిని పలచగా కాచిన జావ త్వరగా అరుగుతుంది, రక్తంలో చక్కెరనూ త్వరగానే పెంచుతుంది. బెల్లం చేరితే చెప్పనక్కరలేదు. మధుమేహం ఉన్నవారు బెల్లం లేకుండా, మజ్జిగ కలిపి తీసుకోవాలి. అంతకన్నా చిన్న ముద్దకు పెద్ద గిన్నెడు ఆకుకూర పప్పు జత చేసుకోవడం మేలు. చిరుధాన్యమూ ధాన్యమే, అదీ ఆ 250 గ్రాముల్లోకే వస్తుంది. అన్నం తిన్నాక పైన ముద్ద తింటే లాభం లేదు.

జాడీ సంగతి

ఉప్పు మనిషికి రోజుకు 5 గ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. సుమారు ఒక టీస్పూను. నలుగురి ఇంటికి నెలకు 600 గ్రాములు. అందులో కూరలో వేసిన ఉప్పు, ఊరగాయలోది, అప్పడంలోది, బిస్కెట్లోది అన్నీ కలుపుకోవాలి.

ఆవకాయలో ఉప్పు బరువులో పదో వంతుకు తగ్గదు, చాలా ఇళ్లలో ఇంకా ఎక్కువే. 20 గ్రాములు, అంటే రెండు ముద్దలు కలుపుకునేంత పచ్చడి వేసుకుంటే 2 గ్రాముల ఉప్పు వెళ్లిపోయింది. రోజు కోటాలో అది ఐదింట రెండు వంతులు. మధ్యాహ్నం, రాత్రి రెండు పూటలా వేసుకుని, మధ్యలో అప్పడం, మజ్జిగ మిరపకాయ నంచుకుంటే కూర, సాంబారుకు ఉప్పు మిగలదు. రక్తపోటు మాత్రలు రోజూ వేసుకుంటున్నా అంకె దిగడం లేదని బాధపడే ఇంట్లో ముందు చూడాల్సింది జాడీనే.

మరి ఏం చేయాలి? ఉప్పు తగ్గించి ఆవకాయ పెడితే బూజు పడుతుంది. నిల్వ ఉండేదే ఆ ఉప్పుతో కాబట్టి దాన్ని మార్చలేం, వడ్డనను మార్చగలం. జాడీని బల్ల మీద నుంచి తీసేసి అలమరలో పెట్టడం మొదటి పని. కంచానికి అర చెంచా, అదీ ఒక పూటే. పచ్చడి వేసుకున్న రోజు ఆ పూట పప్పులో ఉప్పు సగానికి తగ్గించాలి, మామిడికాయ పులుపుతో ఆ లోటు పెద్దగా తెలియదు. మిగతా పూటల్లో రోటిపచ్చళ్లు చేసుకోవాలి. దోసకాయ, బీరపొట్టు, కొబ్బరి, వేయించిన పల్లీలు, టమాటా. అప్పటికప్పుడు చేసుకునే వాటికి నిల్వ ఉప్పుతో పని లేదు. కారం, పులుపు, తాలింపు అన్నీ ఉంటాయి. తెలుగు రుచి నిలబడేది వాటి మీదే.

గోంగూరకు కొరత లేదు. తమిళంలో పుళిచ్చ కీరై, ఉత్తర కర్ణాటకలో పుండి, మరాఠీలో అంబాడి పేరుతో సంతలో దొరుకుతుంది. నిల్వ పచ్చడి కన్నా పప్పులో వేసుకోవడం మంచిది. మూత్రపిండాల్లో రాళ్లు వచ్చినవారు దాన్ని తగ్గించుకోవాలి, ఆక్సలేట్లు ఎక్కువ.

యానాం, గంజాం తీరంలో ఎండుచేపలదీ ఇదే లెక్క. వేడినీళ్లలో నానబెట్టి, రెండుసార్లు కడిగి, వేరే ఉప్పు వేయకుండా వండుకోవాలి. పచ్చిచేప దొరికే ఊళ్లో ఉండి వారమంతా ఎండుచేప తినడం ఎందుకు? వేపుడు కన్నా పులుసు మేలని చెప్పనక్కరలేదు.

విడిగా కొనే కల్లుప్పులో చాలాసార్లు అయోడిన్ ఉండదు. అయోడిన్ లేని ఉప్పును తినడానికి అమ్మకూడదని దేశంలో 2006 నుంచి నిబంధన ఉంది. ఊరగాయకు ఏది వాడినా రోజూ కూరలోకి అయోడిన్ ఉప్పే వాడండి. సోడియం తక్కువని అమ్మే ఉప్పుల్లో పొటాషియం ఉంటుంది. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, కొన్నిరకాల బీపీ మాత్రలు వేసుకునేవారు డాక్టరును అడగకుండా వాటి జోలికి పోకూడదు.

నూనె, చక్కెర

మనిషికి నెలకు నూనె, నెయ్యి, వెన్న కలిపి 900 మిల్లీలీటర్ల లోపు. నలుగురికి మూడున్నర లీటర్లు. నెల మొదటి రోజే ఆ కొలత విడిగా పోసి పెట్టుకుంటే చాలు, రోజూ లెక్క చూడక్కరలేదు. పండుగ నెలలో దాటుతుంది, పై నెలలో సర్దుకోవచ్చు. ఏ నూనె మంచిదని వాదులాడుకోవడం కన్నా రెండు మూడు మార్చి మార్చి వాడటం మేలు. తమిళనాడులో నువ్వులనూనె, కర్ణాటక మహారాష్ట్రల్లో వేరుశనగ, ఒడిశాలో ఆవనూనె సులువుగా దొరుకుతాయి. వేపుడుకు వాడిన నూనెను మళ్లీ మళ్లీ కాచవద్దు.

వేపుళ్ల విషయంలో మనం పక్కింటి నుంచి నేర్చుకోవాల్సింది చాలా ఉంది. తమిళుల పొరియల్, కూట్టు, ఒడియావాళ్ల డాల్మా, మరాఠీల మొలకల ఉసళ్, కన్నడిగుల కోసంబరి, ఇవన్నీ తక్కువ నూనెతో అయ్యేవే, పప్పో కూరగాయో ఎక్కువ ఉండేవే. డాల్మాలో పప్పు, గుమ్మడికాయ, అరటికాయ, మునగకాయ ఒకే గిన్నెలో ఉడుకుతాయి. ఉద్యోగాలు చేసే ఇళ్లకు అది వరం. శ్రీరామనవమి వడపప్పులో కాస్త దోసకాయ తురిమితే కోసంబరి అయినట్టే. ఏడాదికి ఒక్కరోజే ఎందుకు తినాలి?

చక్కెర, బెల్లం, తేనె అన్నీ కలిపి రోజుకు 25–30 గ్రాములు. కాఫీ గ్లాసుకు రెండు చెంచాల చొప్పున రోజుకు నాలుగు గ్లాసులు తాగితే ఆ ఒక్కదానితోనే కోటా దాటిపోతుంది. అన్నం తిన్న వెంటనే కాఫీ, టీ తాగితే ఆహారంలోని ఇనుము సరిగా ఒంటబట్టదు. రక్తహీనత ఉన్న ఆడవాళ్లు గంట ఆగి తాగాలి.

పొట్లం మీద రాత

పొట్లాల మీద వివరాలు ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ ఉంటే చాలని నిబంధన. తెలుగు దాదాపు ఉండదు. ఆ పని ఇంట్లో చదువుకునే పిల్లలకు అప్పగించండి, వాళ్లకూ అలవాటవుతుంది. చూడాల్సినవి రెండే. పదార్థాల వరుసలో ఏది ఎక్కువ ఉంటే అది ముందు రాస్తారు. ‘రాగి బిస్కెట్’ పొట్లంలో మొదట మైదా, తర్వాత చక్కెర, ఆ తర్వాత ఎక్కడో రాగి ఉంటే అది మైదా బిస్కెట్టే. రెండోది సోడియం. ఆ అంకెను రెండున్నరతో హెచ్చవేస్తే ఉప్పు ఎంతో తెలుస్తుంది. వంద గ్రాముల్లో 800 మిల్లీగ్రాముల సోడియం అంటే 2 గ్రాముల ఉప్పు.

పిల్లల పాలలో కలిపే పొడుల్ని ‘హెల్త్ డ్రింక్’ అని నమ్మి కొంటుంటాం. ఆహార భద్రతా చట్టంలో అలాంటి రకమే లేదు. 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ ఆన్‌లైన్ అమ్మకందారులకు ఆ పేరు కింద పానీయాలు చూపవద్దని సూచించింది. పాలలో కలపాల్సిందేమీ లేదు. కలపాలనిపిస్తే మొలకెత్తించి, ఎండబెట్టి పట్టించిన రాగిపిండి ఉంది. మొలకెత్తడం వల్ల అందులోని ఖనిజాలు ఒంటికి మరింత బాగా పడతాయి.

ఇన్సులిన్ గానీ చక్కెర మాత్రలు గానీ వాడేవారు మాత్రం అన్నం ఒక్కసారిగా సగానికి తగ్గించకూడదు, మందు మోతాదు అదే ఉంటే చక్కెర మరీ పడిపోయి కళ్లు తిరుగుతాయి. ముందు డాక్టరుకు చెప్పి, రెండు వారాల్లో కొద్దికొద్దిగా తగ్గించుకోవాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఎదిగే పిల్లలు పైన చెప్పిన కొలతల్లోకి రారు, వాళ్లకు విడి కొలతలు ఉన్నాయి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి పప్పు, పండ్ల లెక్క కూడా వేరు, డాక్టరు రాసిచ్చిందే పాటించాలి.